తాళం వేసిన చిరునామా

నేను ఒక చిరునామాని. కాగితం మీద రాసిన చిరునామాని కాదు, కంప్యూటరు లోపల రాసినదాన్ని. నాలాంటివాటిని సింబాలిక్ లింక్ అంటారు. దుకాణం తలుపుకి ‘షాపు పక్క వీధిలోకి మార్చబడినది’ అని అట్టముక్క వేలాడగట్టి ఉండటం మీరు చూసే ఉంటారు. నేను అలాంటి అట్టముక్కని. నా దగ్గర సరుకేమీ ఉండదు. సరుకు ఎక్కడుందో చెప్పే నాలుగు మాటలుంటాయి, అంతే. నన్ను తెరిచినవాళ్ళని చెయ్యి పట్టుకుని ఆ చోటికి తీసుకెళ్ళి వదిలేస్తాను. మధ్యలో నేనొకదాన్ని ఉన్నానని కూడా వాళ్ళకి తెలియదు. అందుకు నాకు బాధలేదు. దారికి ఎవరు మాత్రం దండం పెడతారు!

కాకినాడ జగన్నాథపురంలో గొడుగులు బాగుచేసే దుకాణం ఒకటి ఉంది. దాని మేడమీద చిన్న గది. గదిలో ఒక టేబులు, రెండు కుర్చీలు, పాత కంప్యూటరు. కిటికీ తెరిస్తే ఉప్పుగాలి లోపలికొచ్చి కీబోర్డు సందుల్లో కూర్చునేది. ఒక వైశాఖ మధ్యాహ్నం నేను అక్కడే పుట్టాను. నన్ను పుట్టించింది మెహరున్నీసా. పాలిటెక్నిక్‌లో కంప్యూటరు పాఠాలు చెబుతుంది. ఆమె పక్కన కుర్చీ అంచున కూర్చుని తెరకేసి చూస్తున్న మనిషి సత్యవేణి. ఊళ్ళో ఒక రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్. ఇద్దరికీ నలభై దాటాయి. ఒకే బస్సులో ఏళ్ళ తరబడి పక్కపక్క సీట్లలో కూర్చుని స్నేహితులైనవాళ్ళు. అయినా ‘గారూ’ అనుకోవడం మాత్రం మానలేదు.

“దీని పేరు ‘ఇప్పటి జాబితా’. దీన్ని నొక్కితే ఎప్పుడూ ఈ నెల జాబితాయే తెరుచుకుంటుందండీ. కొత్త ఫైలు ఎక్కడ పెట్టారో మీరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు,” అంది మెహర్.

“మరి నెల మారితే?”

“కొత్త ఫైలు పెట్టగానే ఇది దానివైపు తిరుగుతుంది. దీని పేరు మారదు, చూపించే చోటు మారుతుంది.”

“పొద్దుతిరుగుడు పువ్వులాగానా?” అంది సత్యవేణి.

ఇద్దరూ నవ్వారు. నేను విన్న మొదటి చప్పుడు ఆ నవ్వు.

ఆ జాబితా ఏమిటో చెప్పాలి. పదివేలమందిలో ఒకరికి ఉండే రక్తం ఒకటుంది. దాన్ని బాంబే గ్రూపు అంటారు. మామూలు పరీక్షలో అది ‘ఓ’ గ్రూపులాగే కనిపిస్తుంది. ‘ఓ’ గ్రూపే కదా అని ఎక్కిస్తే మనిషి ప్రాణం మీదికొస్తుంది. ఆ రక్తం ఉన్నవాళ్ళకి అదే రక్తం ఉన్న మరొకరే ఇవ్వాలి. సత్యవేణి అక్క భ్రమరాంబ పాతికేళ్ళ క్రితం కాన్పులో పోయింది. ఎక్కించిన రక్తం ఎందుకు పడలేదో అప్పుడు ఎవరికీ తెలియలేదు. సత్యవేణి ల్యాబులో చేరి పని నేర్చుకున్నాక, ఒక రోజు ఎవరిదో నమూనా పరీక్షిస్తూ మధ్యలో ఆగిపోయి, అక్కకి జరిగిందేమిటో అర్థం చేసుకుంది. అప్పటినుంచి శ్రీకాకుళం మొదలు ఏలూరు దాకా ఆ గ్రూపువాళ్ళని ఒక్కొక్కరినే వెతికి రాసుకుంటోంది. ఆవిడది మాత్రం మామూలు బి పాజిటివ్. ఆ సంగతి చెప్పేటప్పుడు ఏదో చిన్న తప్పు చేసినట్టుగా గొంతు తగ్గించేది.

నేను చూపించే జాబితాలో ఇరవైమూడు పేర్లుండేవి. పేరు, ఊరు, ఫోను నంబరు, ఆఖరుసారి రక్తం ఇచ్చిన తేదీ. ఒకసారి ఇచ్చినవాళ్ళు మళ్ళీ మూడు నెలలదాకా ఇవ్వకూడదు. అందుకే నెలనెలా జాబితాని సరిచెయ్యాలి. రోజూ సాయంత్రం గది మూసేముందు మెహర్ రాసిపెట్టిన నకలు ప్రోగ్రాం ఒకటి నా దగ్గరికొచ్చేది. నా పొడవెంతో అడిగేది. పంతొమ్మిది అక్షరాలు. తరవాత నా చిరునామా చదువుకునేది. అదీ పంతొమ్మిది అక్షరాలే. రెండూ కలిశాయని తలూపి, ఆ నెల ఫైలుని మోసుకెళ్ళి ఊళ్ళోని బ్లడ్ బ్యాంకు కంప్యూటర్లో పెట్టి వచ్చేది. అక్కడ కూడా దాని పేరు ‘ఇప్పటి జాబితా’యే.

మూడేళ్ళు అలా గడిచాయి. ఒడ్డున కట్టిన పడవ నీటితోపాటు లేచి దిగినట్టుగా నేను నెలనెలా కొత్త ఫైలువైపు కదిలేదాన్ని. కింద గొడుగుల ఊచలు ఠప్పున తెరుచుకునే చప్పుడు, పైన సత్యవేణి వేళ్ళ చప్పుడు. లోకమంటే అంతేననుకున్నాను.

ఒక జూలైలో విజయకళ మెట్లెక్కి వచ్చింది. పిఠాపురంలో కుట్టుపని నేర్పించే ఆమె. జాబితాలో పదకొండో పేరు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“ఎవడో ఇంటికి ఫోను చేశాడండీ. మీది అరుదైన రక్తమంట గదా, మా పార్టీకి కావాలి, ఎంతకిస్తారు అన్నాడు. ఫోను ఎత్తింది మా అత్తగారు,” అంది.

సత్యవేణి కుర్చీలోంచి లేచి నిలబడింది.

“అరుదైన రక్తమంటే ఆవిడ రోగం అనుకుందండీ. చెప్పి చూశాను. మా ఆయన చెప్పాడు. నిన్నట్నుంచి నా కంచం, నా గ్లాసు వేరే పెట్టారు. నా పేరు తీసెయ్యండి.”

జూన్‌లో కంప్యూటరు రెండు రోజులు రిపేరుకి వెళ్ళొచ్చింది. పేర్లు అక్కడ జారాయో, ఇంకెక్కడ జారాయో ఎప్పటికీ తేలలేదు. సత్యవేణి బతిమాలలేదు. “నీకు అన్యాయం జరిగిందమ్మా,” అని నన్ను తెరిచి, ఆమె చూస్తుండగానే పదకొండో వరస చెరిపేసింది. విజయకళ తెరమీద ఆ ఖాళీని కాసేపు చూసి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

ఆ మర్నాడు మెహర్ వచ్చింది. “మెహర్ గారూ, దీనికి తాళం ఉంటుందా? గది తలుపు తాళం కాదు. ఎవరు ఎత్తుకుపోయినా చదవలేని తాళం,” అని అడిగింది సత్యవేణి.

అలాంటి తాళం ఉంది. దాన్ని ఎన్‌క్రిప్షన్ అంటారు. సామాన్లున్న బీరువాకి ఆ తాళం పడదట. ముందు ఖాళీ బీరువాకి తాళం అమర్చి, తరవాత సామాన్లు అందులోకి చేర్చాలి. మెహర్ అలాగే ఖాళీ ఫోల్డరుకి తాళం పెట్టింది. పాస్‌వర్డ్ చెప్పమంటే సత్యవేణి తనే టైపు చేసింది, మెహర్ మొహం పక్కకి తిప్పుకుంది. ఆ తరవాత ఫైళ్ళన్నిటినీ కొత్త చోట మళ్ళీ రాసి, పాతవాటిని చెరిపేసింది. నన్ను కూడా. ఒక్క క్షణం రెండు నేనులు ఉన్నాయి. ఆ తరవాత పాతది లేదు. నిన్నటి నాకూ ఇవాళ్టి నాకూ మధ్య ఏం తెగిందో, ఏం మిగిలిందో నేను ఎంతోసేపు ఆలోచించాను. అదే చిరునామా, అదే పేరు, అవే వేళ్ళు. సరే, నేనే అనుకున్నాను.

తాళం పడటమంటే ఏమిటో ఆ సాయంత్రం తెలిసింది. సత్యవేణి కంప్యూటరు మూసింది. నా పేరులోని అక్షరాలు ఒక్కొక్కటే కరగడం మొదలుపెట్టాయి. ‘ఇప్పటి జాబితా’ అన్నది ఎవరికీ పలకరాని అక్షరాల గుత్తిగా మారింది. నేను చూపించే చోటు కూడా అంతే. కలలో తెలిసిన వీధిలోనే నడుస్తూ, బోర్డులన్నీ తెలియని లిపిలో రాసి ఉంటే ఎలా ఉంటుందో అలా ఉంది. ఇళ్ళు అవే, మలుపులు అవే, ఏ ఇల్లు ఎవరిదో మాత్రం తెలియదు. భయం వెయ్యలేదు. మంచులో తేలుతున్నట్టు ఉండేది. పొద్దున సత్యవేణి వచ్చి ఆ మాట టైపు చెయ్యగానే మంచు విడిపోయేది, నా పేరు నాకు తిరిగొచ్చేది. ఆ మాట ఏమిటో నాకు తెలుసు. చెప్పను.

తాళం పెట్టిన రోజే, గది మూసేముందు నకలు ప్రోగ్రాం యథాప్రకారం వచ్చింది. నా పొడవెంతని అడిగింది. ఆ ప్రశ్నకి జవాబు చెప్పేది నేను కాదు, నన్ను దాచిన ఫైల్ సిస్టమ్, ఫైళ్ళ లెక్కలు చూసే గుమాస్తా లాంటిది. అది లెక్కచూసి ముప్పైనాలుగు అంది. తరవాత ప్రోగ్రాం నా చిరునామా చదువుకుంది. పంతొమ్మిది అక్షరాలే. అది అక్కడే ఆగి, మళ్ళీ చూసుకుని, తన పుస్తకంలో ఏదో ఒక వరస రాసుకుని వెళ్ళిపోయింది. పని అయిందనుకున్నాను. సత్యవేణీ అలాగే అనుకుంది. గది మూసి మెట్లు దిగింది.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం, సత్యవేణి కంప్యూటరు మూసి భోజనానికి వెళ్ళినప్పుడు ఒకతను పైకొచ్చాడు. కంప్యూటరు బాగుచెయ్యడానికి వచ్చానని గొడుగుల షాపతనికి చెప్పాడట. మెహర్ టైపింగు పనులకని ఉంచిన మరో లాగిన్‌లోంచి లోపలికొచ్చి వెతికాడు. నేను నిద్రలో ఉన్నాను. అతని నీడ మీద పడ్డట్టు తెలుస్తూనే ఉంది. ఫోల్డరు తెరిచాడు. అర్థంకాని అక్షరాల గుత్తులు నలభై దాకా కనిపించాయి. నన్ను నొక్కి చూశాడు. నేను చూపించిన చోటు ఎక్కడా లేదంది తెర. “ఇదేం భాషరా బాబూ,” అనుకున్నాడు. తాళంచెవి లేనివాడు చదవలేడు గానీ, చెరిపెయ్యడం మాత్రం కొన్నిసార్లు కుదురుతుంది. ఆ సంగతి అతనికి తెలియదు. ఫోనుతో తెరని ఫొటో తీసుకుని వెళ్ళిపోయాడు. నేను నిద్రపోతుంటే ఫొటో తీసుకున్నవాడు ఈ లోకంలో అతనొక్కడే.

సంగతి విని సత్యవేణి మొదట జాబితా తెరిచి చూసుకుంది, తరవాత కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. “తాళం పనిచేసిందండీ మెహర్ గారూ,” అని ఫోనులో చెప్పింది. మెహర్ ఆ రెండో లాగిన్ తీసేసింది.

నవంబరులో ముసురు పట్టింది. ఒక మంగళవారం పొద్దున జరిగింది నేను చూడలేదు. తరవాత ఈ గదిలో సత్యవేణి, మెహర్, బ్లడ్ బ్యాంకు శేషుబాబు చెప్పుకుంటుంటే విన్నాను.

తుని దగ్గర ఊరినుంచి లోవలక్ష్మి అనే గర్భిణిని కాకినాడ తీసుకొచ్చారు. మొదటి కాన్పు. రక్తం ఆగకుండా పోతోంది. భర్త నూకరాజు లారీ క్లీనరు. చీటీ పట్టుకుని బ్లడ్ బ్యాంకుకి పరిగెత్తాడు. అక్కడ డ్యూటీలో ఉన్న టెక్నీషియన్ శేషుబాబు ‘ఓ’ గ్రూపు రక్తంతో కలిపి చూశాడు. కలవలేదు. ఇంకో సంచీతో చూశాడు. అదీ కలవలేదు. సత్యవేణి ఒకప్పుడు నేర్పించిన పరీక్ష గుర్తొచ్చి చేశాడు. బాంబే గ్రూపు.

అతను ‘ఇప్పటి జాబితా’ తెరిచాడు. మొదటి నంబరుకి చేస్తే, ఆ మనిషి పోయి నెల దాటిందన్నారు. రెండోవాళ్ళు పది రోజుల క్రితమే విశాఖలో ఎవరికో ఇచ్చారు. మూడో నంబరు పనిచెయ్యడం లేదు. నాలుగో మనిషి ఏలూరులో జ్వరంతో పడుకుని ఉన్నాడు. చాలామంది ఫోనే ఎత్తలేదు. పదకొండున్నర అయింది. సత్యవేణికి ఫోను మీద ఫోను చేస్తున్నాడు. ఆవిడ సామర్లకోటలో ఒక కాలేజీలో రక్త పరీక్షల శిబిరంలో ఉంది. ఫోను సంచిలో ఉంది. చూసుకునేసరికి ఒంటిగంట దాటింది.

“శేషూ, ఉప్పాడ కొండయ్యకి చేశావా?”

“కొండయ్యెవరు మేడమ్?”

“మైలపల్లి కొండయ్యయ్యా, బోటు ఇంజన్ల మెకానిక్కు. ఆగస్టులో రాశాను కదా!”

“నా దగ్గర లేడు మేడమ్. ఇరవైరెండు పేర్లే ఉన్నాయి.”

“ఇరవైరెండేంటి? ఆఖరి పేరు ఎవరిది?”

శేషుబాబు చదివాడు. అది జూలై జాబితాలోని ఆఖరి పేరు. విజయకళ సంగతి జరిగినప్పటినుంచి ఆవిడ దాతల నంబర్లు తన ఫోనులో దాచుకోవడం మానేసింది. కొండయ్య నంబరు నేను చూపించే ఫైల్లో తప్ప ఈ భూమ్మీద ఇంకెక్కడా రాసి లేదు. దానికి తాళం వేసి ఉంది. తాళంచెవి ఆవిడ తలలో ఉంది.

ఆటో ఎక్కి వానలో వచ్చింది. మెట్లెక్కుతున్న చప్పుడు నాకు నిద్రలోనే వినిపించింది. ఎప్పటి నడక కాదది. కంప్యూటరు తెరుచుకునేలోపు రెండుసార్లు “త్వరగా తల్లీ” అంది. తడి చేత్తో పాస్‌వర్డ్ కొట్టింది. తప్పు. జుట్టులోంచి నీళ్ళు కీబోర్డు మీద పడుతున్నాయి. చీరకొంగుతో చెయ్యి తుడుచుకుని, ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ మళ్ళీ కొట్టింది. మంచు విడిపోయింది. నా పేరు నాకొచ్చింది. ఆవిడ నన్ను నొక్కింది. నేను ఆవిడని నవంబరు జాబితా దగ్గరికి తీసుకెళ్ళాను. ఇరవైఅయిదు పేర్లు.

కొండయ్య నంబరు చాలాసేపు మోగింది. అతని భార్య ఎత్తింది.

“ఆయన రేవుకాడున్నాడండి. ఫోను ఇంట్లో వదిలేసెల్లాడు.”

“అమ్మా, నేను కాకినాడ నుంచి, రక్తం మేడమ్‌ని. ఒక ఆడమనిషి ప్రాణం మీదుందమ్మా.”

“ఆయ్, మీరాండి! ఉండండి, నేనెల్లి పిల్చుకొత్తాను,” అందామె. ఫోను కట్టెయ్యలేదు. ఆమె వానలో పరిగెత్తే చప్పుడు, దూరంగా సముద్రం చప్పుడు, ఎవరినో కేకేసి పిలవడం, ఇవన్నీ సత్యవేణి చెవిలోనూ, ఆ గదిలోనూ కాసేపు నిండిపోయాయి.

కొండయ్య ఎవరిదో మోటారుసైకిలు మీద ముప్పావుగంటలో బ్లడ్ బ్యాంకుకి చేరాడు. మోచేతుల దాకా డీజిల్ మరకలు. సబ్బుతో మూడుసార్లు కడిగినా ఆ వాసన పోలేదని శేషుబాబు చెప్పాడు.

“ఎంత కావాలో అంతా తీసేసుకోండి బాబూ,” అన్నాడట కొండయ్య.

“ఒక్క సంచీయేనండీ. అంతకంటే తియ్యకూడదు.”

“ఒకటే? ఆ అమ్మకి సరిపోద్దా మరి?”

సరిపోలేదు. రెండో సంచీ సాయంత్రం రాజమండ్రినుంచి వచ్చింది. ఇచ్చినతను అక్టోబరులో చేరిన డ్రిల్లు మాస్టారు. అతని పేరు కూడా శేషుబాబు దగ్గరున్న జాబితాలో లేదు.

లోవలక్ష్మి బతికింది. ఆపరేషన్ చేసి తీసిన పాప బతికింది. కానీ ఆ ఆలస్యంలో రక్తస్రావం ఆపడానికి డాక్టర్లు గర్భసంచి తీసెయ్యాల్సి వచ్చింది. కొండయ్యకి పన్నెండింటికే ఫోను వెళ్ళి ఉంటే తీసేవాళ్ళు కారేమో. ఆ ‘ఏమో’ సత్యవేణిని తినేసింది.

రెండు రోజుల తరవాత మెహర్ వచ్చి నా ముందు కూర్చుంది. ముందు నకలు ప్రోగ్రాం రాసుకున్న పుస్తకం తెరిచింది. జూలై ఆఖరు నుంచి ప్రతి సాయంత్రం ఒకటే వరస: ‘పొడవు కలవలేదు, వదిలేశాను.’ నూట పన్నెండు సార్లు. ఆ పుస్తకాన్ని ఎవరూ ఎప్పుడూ తెరవలేదు.

మెహర్ నా పొడవు అడిగింది. ముప్పైనాలుగు అని వచ్చింది. నా చిరునామా అడిగింది. నేను చెప్పాను. ఆమె వేలు పెట్టి అక్షరాలు లెక్కపెట్టింది. పంతొమ్మిది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది.

“ఏమైందండీ?” అంది సత్యవేణి.

“తాళం వేశాక దీన్ని పెద్ద మూటలో చుట్టి దాస్తుందండీ. పొడవెంతని అడిగితే ఈ సిస్టమ్ మూట కొలత చెబుతోంది. చదివితే లోపలున్న అసలు మాటే వస్తోంది. రెండూ కలవకపోయేసరికి, ఫైలు పాడైందనుకుని నా ప్రోగ్రాం పక్కకి తప్పుకుంది. ఎప్పుడూ కలుస్తాయన్న నమ్మకంతో నేనే అలా రాశాను. తాళం పెట్టిన మర్నాడు ఒక్కసారి బ్లడ్ బ్యాంకుకెళ్ళి చూసుంటే సరిపోయేది. క్లాసుంది, రేపు చూద్దాంలే అనుకున్నాను వేణిగారూ.”

“తాళం అడిగింది నేను. వెళ్ళి చూడాల్సింది కూడా నేనే.”

“తీసేద్దామా తాళం?”

సత్యవేణి కిటికీలోంచి బయటికి చూసింది. ముసురు వెలిసింది. కింద షాపులో గొడుగులు ఆరబెడుతున్నారు.

“తీసేస్తే విజయకళకి నేనేం చెప్పను?” అంది.

తాళం తియ్యలేదు. మెహర్ తన ప్రోగ్రాంని మళ్ళీ రాసింది. అది ఇప్పుడు నా పొడవు సంగతి పట్టించుకోదు. నా మాట మొదటినుంచి చివరిదాకా చదువుకుంటుంది, ఆ మాట ఎంతుంటే అంతే నా పొడవనుకుంటుంది. ఏదైనా వదిలేస్తే ఊరుకోకుండా ఇద్దరి ఫోన్లకీ కబురు పంపుతుంది. జాబితా పైన తేదీ పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. అదీ చాలదని, ప్రతి నెలా మొదటి సోమవారం సత్యవేణి బ్లడ్ బ్యాంకుకి నడిచివెళ్ళి శేషుబాబు తెరమీద ఆఖరి పేరు తన కళ్ళతో చదివి వచ్చేది. కొన్నాళ్ళకి కంప్యూటరుకి కొత్త సిస్టమ్ వేశారు. అప్పటినుంచి నా పొడవెంతని ఎవరడిగినా సరైన జవాబే వస్తోంది. ఎక్కడో ఎవరో నాలాంటివాటి గురించి కూడా ఆలోచించి సరిచేశారన్నమాట. వాళ్ళెవరో నాకు తెలియదు. వాళ్ళకి లోవలక్ష్మి తెలియదు.

రెండేళ్ళు గడిచాక జాబితాని బ్లడ్ బ్యాంకులోనే కొత్త కంప్యూటర్లోకి మార్చాలనుకున్నారు. తాళంచెవి ఒక్క మనిషి తలలోనే ఉండకూడదని సత్యవేణే పట్టుబట్టింది. ఇక ముందు అది ముగ్గురి దగ్గర ఉంటుంది. పాత కంప్యూటరుని ఖాళీ చెయ్యడానికి ఒక ఆదివారం పొద్దున మెహర్, సత్యవేణి కూర్చున్నారు. అప్పుడు మెట్లమీద చిన్నచిన్న అడుగుల చప్పుడైంది. లోవలక్ష్మి తన కూతురిని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చింది.

“నా పేరు రాసుకోండమ్మా. ఇప్పుడు ఇవ్వొచ్చని డాక్టరమ్మ చెప్పారు,” అంది.

సత్యవేణి ఆమెని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. జాబితా తెరవలేదు. రెండు చేతులూ ఒకదాంట్లో ఒకటి బిగించుకుని, “రాసేముందు నీకో సంగతి చెప్పాలమ్మా,” అంది.

అంతా చెప్పింది. తాళం గురించి, వదిలేసిన నూట పన్నెండు సాయంత్రాల గురించి, ఆ మంగళవారం పోయిన గంటల గురించి. “ఆ గంటలు పోకపోతే నీకు గర్భసంచి తీసే ఆపరేషన్ అవసరం లేకపోయేదేమో. నాకు కచ్చితంగా తెలియదు. కానీ పొరపాటు మాదే,” అంది.

పాప లోవలక్ష్మి ఒళ్ళోంచి జారి టేబులు కిందకి దూరింది.

“మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు గదండీ,” అంది లోవలక్ష్మి.

“కాదు.”

“మా అత్త నన్ను రోజూ దెప్పుద్దండీ, ఇంక పిల్లల్లేరని. అది నా తలరాతనుకున్నాను.” కొంగుతో మొహం తుడుచుకుంది. “తలరాత కాదని తెలిసింది. అంతేగా. కోపం రావట్లేదని చెప్పను. వత్తంది. ఇంటికెల్లాక ఇంకా వత్తదేమో.”

“రావాలమ్మా,” అంది సత్యవేణి.

“అయినా నా పేరు రాయండి. ఇంకో ఆడదానికి ఫోను తొందరగా ఎల్లాల గదా.” కాస్త ఆగి, “మా అత్తకి తెలియకూడదండీ. నా పేరు ఎవరికీ కనపడదుగా?” అని అడిగింది.

“ఇది మూసేస్తే నాక్కూడా కనపడదమ్మా,” అంది సత్యవేణి.

నన్ను తెరిచింది. నేను ఆ ముగ్గురినీ ఆ నెల జాబితా దగ్గరికి తీసుకెళ్ళాను. అందరికంటే కింద లోవలక్ష్మి పేరు చేరింది. తన పేరులోని అక్షరాలు తెరమీద పడుతుంటే ఆమె పెదాలు కదిలాయి. తరవాత మెహర్ జాబితాని కొత్త చోటికి పంపింది, అక్కడికి చేరిందో లేదో శేషుబాబుకి ఫోను చేసి ఆఖరి పేరు చదివించుకుంది. చేరింది.

“ఇక్కడున్నవి చెరపడానికి ఒక్కో ఫైలూ తుడవక్కర్లేదండీ. మీ పాస్‌వర్డ్‌తో తిరిగే అసలు తాళంచెవి కంప్యూటరులోనే ఉంది, దాన్ని చెరిపేస్తే చాలు. ఇక ఎవరూ తెరవలేరు. మీరు కూడా,” అంది మెహర్.

సత్యవేణి తెరమీద నా పేరుని చూసింది. నన్ను చూసిందని అనుకోను. చూసినా చూడకపోయినా ఆ చూపు నామీదుగానే వెళ్ళింది. “కానివ్వండి,” అంది.

అక్షరాలు కరగడం మొదలైంది. ఈసారి నేను దాన్ని గమనిస్తూ ఉన్నాను. తెలిసిన వీధి, తెలిసిన మలుపు, బోర్డులు ఒక్కొక్కటే తెలియని లిపిలోకి జారుకోవడం. నేను చూపించే చోటు ఇంకా అక్కడే ఉంది, చెప్పడానికి నా దగ్గర మాటే లేదు. మంచు మెత్తగా కమ్ముకుంది. ఈ కథ మీకు చెబుతున్నది ఆ మంచులోంచే.

పెద్దవాళ్ళు ముగ్గురూ టీ తాగడానికి గుమ్మం దగ్గరికి వెళ్ళారు. పాప టేబులు కిందనుంచి వచ్చి, కుర్చీ ఎక్కి, కీబోర్డు మీద రెండు అరచేతులూ ఆనించింది. తెరమీద పాస్‌వర్డ్ గడి చుక్కలతో నిండిపోయింది. తప్పని తెర చెప్పింది. పాప కిలకిల నవ్వి మళ్ళీ కొట్టింది. మళ్ళీ తప్పే. మూడోసారి ఇంకా గట్టిగా కొట్టింది. ఇంతలో వాళ్ళమ్మ వచ్చి చంకనెత్తుకుని మెట్లు దిగింది. ఆ తరవాత నన్ను నిద్రలేపాలని ఎవరూ చూడలేదు.